ఏకగ్రీవంగా లేని పాము

మా ఆఫీసులో నిర్ణయాలు తీసుకునే పద్ధతి ఒకప్పుడు చాలా సులువుగా ఉండేది. ఎవరూ తీసుకునేవారు కాదు.

ఫైలు నా బల్లమీద బయల్దేరి, సూపరింటెండెంటు తవిటినాయుడుగారి బల్లమీద నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, జిల్లా అధికారిగారి గదిలోకి వెళ్లేది. ఆయన దానిమీద 'చర్చించవలెను' అని రాసి కిందికి పంపేవారు. మేం 'చర్చించడమైనది' అని రాసి పైకి పంపేవాళ్లం. ఇలా రెండు మూడుసార్లు ఎక్కి దిగేసరికి సమస్య తెచ్చినవాళ్లు ఆ సమస్యతోనే రాజీపడిపోయి ఇంటికి వెళ్లిపోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మాది జిల్లా సమన్వయ కార్యాలయం. దేనికీ దేనికీ మధ్య సమన్వయం అని మాత్రం అడక్కండి. నా పేరు పట్నాయక్, సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను. నాక్కూడా ఎవరూ చెప్పలేదు. ఆఫీసు పెట్టినప్పటి ఉత్తర్వులో ఆ వివరం ఉందనీ, ఆ ఉత్తర్వు రికార్డు గదిలో ఉందనీ పెద్దలు అంటుండేవారు. ఎక్కడో ఒకచోట ఉందంటే చాలు కదా అని మేం నిశ్చింతగా ఉండేవాళ్లం.

ఇలా సాఫీగా రోజులు వెళ్లిపోతుండగా మా జిల్లా అధికారి మన్మథరావుగారు రాజధానికి మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. శిక్షణకు వెళ్లినవాళ్లు మామూలుగా ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక జలుబూ తెచ్చుకుంటారు. ఈయన 'సహభాగ నిర్ణయ ప్రక్రియ' తెచ్చారు.

వచ్చిన రోజే సర్క్యులర్ దించారు. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికీ తెలియజేయునది ఏమనగా, ఇకపై ఈ కార్యాలయమందు ఏ నిర్ణయమైనను ఆఫీసు గ్రూపునందు పోల్ నిర్వహించిన పిమ్మటనే తీసుకొనబడును. మెజారిటీ అభిప్రాయమే కార్యాలయ అభిప్రాయము. తదుపరి దానికి విరుద్ధముగా ఎవరును మాట్లాడరాదు. ఎవరు దేనికి ఓటు వేసిరో, దాని అమలుకు వారే వ్యక్తిగతముగా బాధ్యులు.'

గ్రూపులో మేం ఇరవై రెండు మందిమి, సారుతో కలిపి. పోల్ తయారుచేసి గ్రూపులో పెట్టే పని జూనియర్ అసిస్టెంటు హర్షితకు అప్పగించారు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు గనక ఆ పిల్లకి పని చేతనవును.

ఆఫీసులో ఇరవై మూడో మనిషి కూడా ఉంది, రికార్డు అటెండరు పైడమ్మ. భర్త ఇదే ఆఫీసులో వాచ్‌మన్‌గా పనిచేస్తూ పోతే, ఆ ఉద్యోగంలోకి వచ్చింది. ఏ ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమెది మీటల ఫోను. "నా ఫోనుకి టార్చిలైటుంది గానీ ఓటు లేదు బాబూ" అని నవ్వేసి ఊరుకుంది.

మొట్టమొదటి పోల్ టీ గురించి. పదిన్నరకా, పదకొండుకా?

ఎవరు ఏది నొక్కారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసిన మరుక్షణం ఇరవై రెండు బొటనవేళ్లూ గాలిలో ఆగిపోయాయి. సారు ఏది నొక్కుతారో చూసి అదే నొక్కుదామని మేం. తాను ముందు నొక్కితే సిబ్బందిని ప్రభావితం చేసినట్టవుతుంది గనక అందరూ నొక్కాకే నొక్కుదామని సారు. ఆరోజు టీ లేదు. మర్నాడూ లేదు.

మూడోనాడు తలనొప్పికి తట్టుకోలేక తవిటినాయుడుగారు ఒక ఖాళీ ఫైలు పట్టుకుని సారు గదిలోకి వెళ్లారు. ఆయనది ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. అధికారి కనుబొమ్మ చూసి ఎవరికి ఏ ఊరు బదిలీయో చెప్పగల మనిషి. "పదిన్నరంటే సార్..." అని నసిగి మొహంలోకి చూశారు. "పోనీ పదకొండంటే..." అని మళ్లీ చూశారు. బయటికొచ్చి, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా, తన ఫోనులో పదకొండు నొక్కారు. నిమిషం తిరక్కుండా మావన్నీ పడిపోయాయి. ఆఖర్న సారుది. ఫలితం ఇరవై రెండు, సున్నా.

అక్కణ్నించి అదే పద్ధతి. పోల్ వస్తుంది, నాయుడుగారు ఖాళీ ఫైలుతో లోపలికి వెళ్తారు, వస్తారు, నొక్కుతారు, మేం నొక్కుతాం. ఫ్యాను ఎంత వేగంతో తిరగాలి, కిటికీలు ఎన్ని తెరవాలి, వినాయకచవితికి పులిహోరా దద్దోజనమా, అన్నీ ఇరవై రెండు, సున్నా. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఇంతటి ఏకాభిప్రాయం రాష్ట్రంలో మరే కార్యాలయంలోనూ లేదట. ఇందులో అబద్ధం ఏమీ లేదు.

ప్రశంస తలకెక్కితే దిగడం కష్టం. ఒకరోజు సారు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఆయన చేతి గడియారం సరిగ్గా పదే చూపిస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆయనే నొచ్చుకుని, "హర్షితా, ఇది కూడా సహభాగ విధానంలోనే తేల్చుదాం" అన్నారు. 'ప్రస్తుత సమయము ఎంత?' అని పోల్ పడింది. నాయుడుగారికి ఈసారి ఖాళీ ఫైలు కూడా అక్కర్లేకపోయింది.

ఇరవై రెండు, సున్నా. గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పేశాం. ఆరోజు నుంచీ మా ఆఫీసు ఊరికంటే ఇరవై నిమిషాలు వెనక నడవసాగింది. సాయంకాలం బస్సు మాత్రం పోల్‌లో పాల్గొనలేదు గనక పాత టైముకే వెళ్లిపోయేది. మేం స్టాండులో నిలబడి, ఆ బస్సుకు క్రమశిక్షణ లేదని అనుకునేవాళ్లం.

ఆ గడియారం దగ్గరే మేం కళ్లు తెరవాల్సింది. తెరవలేదు. టీ ఎప్పుడు తాగాలన్నది మన ఇష్టం, టైమెంతయిందన్నది మన ఇష్టం కాదు అని చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. మాలో చిన్నపిల్లలు లేరు.

భాద్రపదమాసంలో, వర్షాలు జోరుమీదున్నప్పుడు, ఒకరోజు పైడమ్మ ఫైలుకోసం రికార్డు గదిలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానూ బయటికొచ్చి, తలుపు లాగి గొళ్లెం పెట్టేసింది.

"ఓలమ్మో! నాగుపాము బాబూ! మూడో బీరువా కింద అరలో సుట్ట సుట్టుకుని ఉంది. పడగిప్పి నన్నే సూసింది. నా సెయ్యంత లావుంది!"

అందరం లేచి నిలబడ్డాం. సారు గదిలోంచి వచ్చారు. చెప్పింది విని కాసేపు గంభీరంగా ఆలోచించారు.

"ఎంతమంది చూశారు?" అన్నారు.

"నానే సూసినాను బాబూ."

"అంటే ఒక్కరు." ఆయన నాయుడుగారి వైపు తిరిగారు. "ఒక్కరు చూస్తే దాన్ని ఏమంటాం?"

"వ్యక్తిగత అభిప్రాయం అంటాం సార్" అన్నారు నాయుడుగారు.

"అదీ సంగతి. పోల్ పెట్టండి."

హర్షిత నోరు తెరిచింది. "సార్, ఊళ్లో పాములు పట్టే ఆయన ఉన్నాడు. నా దగ్గర నంబరుంది. ఫోన్ చేస్తే..."

"చూడమ్మా, ఉన్నదో లేదో తేలకుండా దేన్ని పట్టమని పిలుస్తావు? తేలనీ. ప్రక్రియ అనేది ఒకటుంటుంది."

పోల్ వచ్చింది. 'రికార్డు గదియందు పాము కలదని మీరు భావించుచున్నారా? 1. కలదు. 2. లేదు. 3. స్వయముగా పరిశీలించి చెప్పగలను.'

మూడోది ఎవరూ నొక్కరని మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటిది నొక్కితే, ఎవరు దేనికి ఓటు వేస్తే దాని అమలుకు వాళ్లే బాధ్యులు. పాము ఉంది అన్నవాడే ఆ పాము సంగతి చూసుకోవాలి. పైగా నాయుడుగారు ఖాళీ ఫైలుతో లోపలికి వెళ్లినప్పుడు సారు బల్లమీద పై ఆఫీసు ఉత్తరం ఒకటి కనబడిందట. రాజధాని నుంచి పరిశీలక బృందం పదిహేను రోజుల్లో వస్తోంది. మా ఆఫీసును 'ఆదర్శ సహభాగ కార్యాలయం'గా ప్రకటించాలా వద్దా అని చూడ్డానికి. ఆదర్శ కార్యాలయంలో పాములుండవు.

ఇరవై రెండు, సున్నా. పాము లేదు.

ఫలితం పైడమ్మకు చెప్పమని నన్ను పంపారు. ఆమె వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునుంది.

"పాము లేదని తేలిపోయింది పైడమ్మా" అన్నాను.

"ఎవులు సూసినారు బాబూ?"

"చూడ్డం కాదు, ఓటింగు జరిగింది. అందరూ లేదన్నారు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మరి పాముకి సెప్పినారేటి?"

నేను లోపలికి వచ్చేశాను.

వారం తిరక్కుండా రికార్డు గది తలుపు కింద సందులో ఒక కుబుసం కనబడింది. మూడు మూరల పొడవుంది, పడగ దగ్గర గుర్తులు కూడా స్పష్టంగా ఉన్నాయి. పైడమ్మ దాన్ని పుల్లతో ఎత్తి హాలు మధ్యకు తెచ్చి అందరికీ చూపించింది. సారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు.

"ఇది ఏమిటన్నది కార్యాలయం తేలుస్తుంది" అన్నారు.

తేల్చాం. తేమవల్ల ఊడిపోయిన పాత ఫైలు కవరు, ఇరవై రెండు, సున్నా. ఫైలు కవరు గనక దాన్ని రికార్డు గదిలోనే భద్రపరచవలసిందని ఉత్తర్వు కూడా వేశారు. భద్రపరచాల్సింది పైడమ్మ. ఆమె దాన్ని కిటికీ చువ్వకి తగిలించి, "గది లోపలికి నానెల్లను బాబూ" అని చెప్పేసింది.

అప్పుడు మెమో వచ్చింది. 'లేని సర్పమును సాకుగా చూపి విధినిర్వహణకు నిరాకరించినందున, మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆమె రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలుంది. ఈ దశలో సస్పెండయితే ఆమె పింఛను కాగితాలు ఎన్నేళ్లకు కదులుతాయో మాకు బాగా తెలుసు, ఎందుకంటే వాటిని కదపాల్సింది మేమే. కూతురు కూలిపని చేస్తుంది, అల్లుడు లేడు, ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. గదిలోకి వెళ్తే పాము ఉంది. ఆమె ముందున్నవి ఆ రెండే.

సంజాయిషీ రాసిపెట్టమని హర్షితను అడిగింది. హర్షిత కాగితం తీసుకుని, "చెప్పు పిన్నీ" అంది.

"రాయి తల్లీ. పాము ఉంది. నాను సూసినాను. ఇట్లు, పైడమ్మ."

"అంతేనా?"

"ఇంకేటుంది?"

సారు ఆ సంజాయిషీ చదివి చాలా బాధపడ్డారు. "నాయుడుగారూ, ఇది కార్యాలయ అభిప్రాయానికి విరుద్ధం. ప్రక్రియ మీద ఈవిడకు గౌరవం లేదు" అన్నారు. నాయుడుగారు నిట్టూర్చి, రెండో మెమో తయారుచేయడానికి కూర్చున్నారు.

ఈలోగా మా పని మాత్రం ఆగలేదు. పాము లేదని ఓటు వేసినవాళ్లలో ఎవరికీ పాత రికార్డుతో అవసరం పడ్డం మానేసింది. ప్రతి ఫైలు మీదా 'పూర్వపు రికార్డు పరిశీలించనవసరము లేదు' అని రాసి ముందుకు తోసేస్తున్నాం. ఫైళ్లు ఎన్నడూ లేనంత వేగంగా పరిగెత్తాయి. పాత రికార్డు మీద ఆధారపడే అలవాటు సిబ్బందిలో పూర్తిగా నశించిందని సారు పై ఆఫీసుకు నివేదిక పంపారు. రికార్డు గది తలుపు పక్కనుంచి నడిచేటప్పుడు అందరూ కొంచెం చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ నడిచేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పరిశీలక బృందం ముందస్తు ఉత్తరం వచ్చింది. శుక్రవారం పదకొండున్నరకు వస్తారు. వారు చూడదలచిన పత్రాలలో మొదటిది కార్యాలయ స్థాపనా ఉత్తర్వు.

ఎక్కడుందని పైడమ్మను అడిగాం. అది మూడో బీరువాలో, కింద అరలో ఉంది.

బుధవారం సారు అందర్నీ పిలిచారు. ఎవరైనా వెళ్లి తెస్తారా అని అడగలేదు. అడిగితే ఎందుకడుగుతున్నారన్న ప్రశ్న వస్తుంది. "రికార్డు తేవడం రికార్డు అటెండరు విధి. ఆమె నిరాకరిస్తోంది. దీన్ని కూడా మనం సహభాగ విధానంలోనే పరిష్కరించాలి" అన్నారు.

హర్షిత అప్పుడు ఒక ఉపాయం చెప్పింది. ఆ పిల్ల మనసులో ఏముందో నాకు తెలుసు, పేర్లు కనబడకపోతే అందరూ పైడమ్మ పక్షానే నొక్కుతారని. "సార్, పేర్లు కనబడకుండా పోల్ పెట్టే సెట్టింగు ఉంది. రహస్య ఓటింగు. బృందం వస్తున్నప్పుడు అలా పెడితే ఇంకా ప్రజాస్వామ్యంగా ఉంటుంది. పైగా ఎవరు ఏది నొక్కారో తెలీదు గనక అమలు బాధ్యత కూడా ఎవరి మీదా పడదు."

సారు మొహం వెలిగింది. ప్రజాస్వామ్యం అన్న మాట నివేదికలో బాగుంటుంది. నాయుడుగారి మొహం మాత్రం వాడింది. ఖాళీ ఫైలుకు ఇక పనిలేకుండా పోతోందని ఆయన దిగులు. కానీ అంత సర్వీసు ఊరికే పోతుందా? పోల్ వాక్యం తయారయ్యేటప్పుడు ఆయన కింద ఒక్క చిన్న గమనిక చేర్పించారు.

'స్థాపనా ఉత్తర్వు తెచ్చు నిమిత్తము శ్రీమతి పైడమ్మను రికార్డు గదిలోకి పంపవచ్చునా? అవును / కాదు. గమనిక: కాదు అని తేలినచో, సదరు విధి మిగతా సిబ్బందికి సీనియారిటీ క్రమమున అప్పగించబడును.'

ఇరవై నాలుగు గంటలు గడువు.

ఆ ఇరవై నాలుగు గంటల్లో మా ఆఫీసులో పైడమ్మకు జరిగినంత మర్యాద ఇంకెవరికీ జరగలేదు. ఒకరి తర్వాత ఒకరు వరండాలోకి వెళ్లడం, స్తంభం దగ్గర ఆగడం, చుట్టూ చూసి గొంతు తగ్గించడం. "నీకే వేశాను పైడమ్మా, ఎవరితోనూ అనకు." "నీ తరఫునే నొక్కాను పిన్నీ." నాయుడుగారు కూడా వెళ్లారు. "తల్లీ, నా ఓటు నీకే. సూపరింటెండెంటుని గదా, బయటికి చెప్పలేను" అన్నారు. ఆఖరికి సారు కూడా కారెక్కబోతూ ఆగి, "వ్యక్తిగతంగా నేను నీ పక్షమేనమ్మా. వ్యవస్థ వేరు" అనేసి వెళ్లిపోయారట.

నేనూ వెళ్లాను. "భయపడకు. నాది నీకే" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అందరూ దేవుళ్ల నాగ సెప్తన్నారు బాబూ. నాను లెక్కెట్టుకుంతన్నాను. తమరితోటి ఇరవై" అంది. సాయంత్రానికి మిగిలిన ఇద్దరూ కూడా వచ్చి చెప్పారు.

గురువారం గడువు ముగిసింది. హర్షిత తన ఫోనుకేసి చూసి, మళ్లీ చూసి, కుర్చీలో కూలబడింది.

అవును, ఇరవై రెండు. కాదు, సున్నా.

ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టిందో ఎవరికి పట్టలేదో నాకు తెలియదు. పేర్లు కనబడవు కదా.

శుక్రవారం ఉదయం పైడమ్మ మామూలుకంటే ముందే వచ్చింది. పదకొండు గంటల టీ అయ్యాక చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. ఒక చేతిలో పొడుగు కర్ర, ఇంకో చేతిలో మీటల ఫోను, దాని టార్చి వెలుగుతోంది. హాల్లో బల్లల మధ్యనుంచి నడిచి వెళ్తూ ఒక్కొక్కరి మొహమూ చూసింది. మేమంతా పని చేసుకుంటున్నాం. అంత శ్రద్ధగా మేం ఎన్నడూ పని చేసుకోలేదు.

"ఎవరైనా తోడు వెళ్తే..." అంది హర్షిత, సన్నగా.

"పోల్ పరిధిలో అది లేదు" అన్నారు సారు.

పైడమ్మ గొళ్లెం తీసింది. తలుపు తీసి లోపలికి వెళ్లింది. కర్ర నేలకేసి కొడుతున్న చప్పుడు వినబడింది. బీరువా తలుపు కిర్రుమంది. తర్వాత ఏదో పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మా అమ్మమీద ఒట్టు, లేచి వెళ్దామనే అనుకున్నాను. అనుకుంటూ కూర్చున్నాను.

రెండు నిమిషాలకు ఆమె బయటికొచ్చింది. చెమటతో తడిసిపోయింది. చంకలో ఎర్రటి పాత కట్ట. దాన్ని సారు చేతికిచ్చింది.

"ఇదుగో బాబూ, తమరి కాయితం."

"శభాష్!" అన్నారు సారు. "చూశావా, ఏముంది అక్కడ? లేనిదానికి భయపడ్డావు. పాము ఉందా?"

"గదిలో లేదు బాబూ."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. నాయుడుగారు నవ్వారు కూడా.

"కర్ర సప్పుడుకి నాకన్నా ముందే బయటికొచ్చీసింది" అంది పైడమ్మ. "తలుపు తీసే ఉంది గదా. ఈ బల్లల కిందికే ఎల్లింది. ఏ బల్లో సూసినాను."

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. తెలివొచ్చేసరికి నేను నా బల్లమీద నిలబడి ఉన్నాను. ఇరవై రెండు మందిమీ ఎవరి బల్లమీద వాళ్లం నిలబడి ఉన్నాం. సారుకు గదిలోకి పరిగెత్తే వ్యవధి లేక నాయుడుగారి బల్లే ఎక్కేశారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. సహభాగ విధానం అంతకుముందెప్పుడూ అంత దగ్గరగా అమలు కాలేదు.

నేలమీద పైడమ్మ ఒక్కతే ఉంది, గుమ్మం దగ్గర.

"పైడమ్మా! ఏ బల్ల కింద? త్వరగా చెప్పు!" అన్నారు సారు. "బృందం వచ్చే వేళయింది."

"సెప్తాను బాబూ. సెప్పనేటి? కరిస్తే మడిసి పోతాడు." ఆమె కర్ర గోడకి ఆనించి, పైటచెంగుతో మొహం తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ భయం కలిగించింది. "తమరికి ఓటింగు, గీటింగు ఏటేటో తెలుసు. నాకు తెల్దు. నాకొక్క ముక్క సెప్పండి. ఇరవై రెండు మందీ ఒచ్చి నాకే ఏసినామన్నారు. మరి నన్ను గదిలోకి పంపినోలెవులు బాబూ?"

అందరం కాళ్ల కింది బల్లలకేసి చూసుకున్నాం.

"అందర్నీ అడగట్లేదు. ఒక్కలు. ఒక్కలంటే ఒక్కలు, 'నానే పంపినాను పైడమ్మా' అని సెప్పండి. ఏ బల్లో సెప్పీసి నా దారిని నానెల్లిపోతాను."

ఒక్క మాట. పాము ఎవరి కాళ్లకిందనైనా ఉండొచ్చు. నిజం చెబితే ప్రాణం నిలబడుతుంది. ఇంతకంటే సులువైన బేరం మా ఆఫీసు చరిత్రలో ఎవరికీ దక్కి ఉండదు.

హర్షిత నేలకేసి చూస్తోంది. ఆ పిల్ల చేరింది నిన్నగాక మొన్న, సీనియారిటీలో అట్టడుగున ఉంది. ఆమె దాకా వంతు వచ్చేదే కాదు. అయినా నొక్కింది. ఏడాదిలోపే మా దగ్గర పని నేర్చేసుకుంది.

నా నోరు తెరుచుకుంది. తెరుచుకున్నాక, అలవాటుకొద్దీ, నాయుడుగారి వైపు చూశాను. ఆయన ఏమంటారో చూద్దామని. నాయుడుగారు సారు మొహంలోకి చూస్తున్నారు. సారు మా అందరి వైపూ చూస్తున్నారు, ముందు ఎవరంటారా అని.

"ఎవరో ఒకరు చెప్పండయ్యా!" అన్నారు సారు, పళ్ల బిగువున.

"ముందు తమరు కానివ్వండి సార్" అన్నారు నాయుడుగారు.

గేటు దగ్గర కారు హారన్ వినబడింది. పైడమ్మ ఇంకాసేపు ఆగింది. నిజంగానే ఆగింది, మా అందరికీ సరిపడేంత సేపు. తర్వాత తల ఊపి, వెనక్కి తిరిగి, వరండా మెట్లు దిగింది.

కారులోంచి ఇద్దరు అధికారులు దిగి, ఫైళ్లు పట్టుకుని గబగబా వస్తున్నారు. ఆమె చేతులు జోడించి అడ్డంగా నిలబడింది. కిటికీలోంచి మాకు అంతా వినిపిస్తోంది.

"లోపలికి ఎల్లకండి బాబూ. పాముంది."

వాళ్లు ఆగిపోయారు. ఎంతమంది చూశారని అడగలేదు. ఆమె హోదా ఏమిటని అడగలేదు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, "అయ్యో, నువ్వు చూశావా అమ్మా? నీకేం కాలేదు కదా?" అన్నాడు. రెండో ఆయన అప్పటికే పాములు పట్టేవాళ్లకోసం ఫోను తీశాడు.

ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. నాకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు.

ఇప్పుడు రాస్తున్నాను: పైడమ్మా, నిన్ను ఆ గదిలోకి పంపింది నేను. 'అవును' అని నేనే నొక్కాను. ఆరోజు ఆ ఒక్క ముక్కా చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది; పాములాయన వచ్చేదాకా, గంటా పది నిమిషాలు, నేను బల్లమీద నిలబడి ఉన్నాను. చెప్పలేదు.